బ్యాటరీ బండికి కొత్త కమాన్లు

శక్తినగర్,
మంగళవారం

అక్కకు నమస్కారాలు. నా పని పోయిందని విని దిగులు పడుతున్నావట. పోలేదు.

కాలనీలో ముసలివాళ్ళను ఆసుపత్రికి చేర్చే నా బ్యాటరీ బండికి, కుదుపులు ఆపే వెనక కమాన్ పట్టీ విరిగింది. కొత్తవి వచ్చాయి గానీ, బిగించే మేస్త్రీ రాలేదు. "బండి బంద్. రేపటి సంది ఊడ్చే పనికి పో" అన్నాడు కాంట్రాక్టరు. "జాకీ ఇయ్యండి సార్, నేనే ఎక్కిస్త" అన్నాను.

జాకీతో బండి లేపాను గానీ, తుప్పు పట్టిన బోల్టు ఎంతకీ కదల్లేదు. డీజిల్ పోసి, పానాకు పైపు తొడిగాను. తోటిపనామె జయాబాయి "ఇడువకు, ఇంకింత జోర్ పెట్టు!" అంటూ నాతోపాటు ఆ పైపు పట్టుకుని వేలాడింది. ఊడింది! ఒక్కటే మారిస్తే బండి ఒరుగుతుందని రెండు పక్కలా కొత్తవే వేశాను. కాంట్రాక్టరు ఎక్కి కాలనీ అంతా తిరిగి, "సరే, నువ్వే నడుపు" అన్నాడు.

అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? అక్కడ మన యరగేరలో వాన పడిందా?

నా చీర కొంగు జాకీలో చిక్కి చిరిగింది. నీ మిషను మీద నాకు రెండు ప్యాంట్లు కుట్టి పంపు. పానాలు పట్టేలా జేబులు లోతుగా పెట్టు. బావ నవ్వినా, ఊరు నవ్వినా డ్యూటీకి ఇక అవే వేసుకుంటాను.

పిల్లలకు ఆశీస్సులు.

నీ చెల్లెలు
సౌభాగ్య