ఐదు గంటలలోపు నీ సంతకం

తమ్ముడూ,

టీ డబ్బా కింద నా పెన్షన్ ఫారం పెట్టాను. నామినీ అన్నచోట సంతకం పెట్టి, మధ్యాహ్నం డ్యూటీకి వెళ్లగానే మీ ఆఫీసు కింది అంతస్తులో పెన్షన్ కౌంటర్ దగ్గర ఇచ్చెయ్. ఐదింటికి కిటికీ మూసేస్తారు. రసీదు అడిగి తీసుకో, అడక్కపోతే ఇవ్వరు. నేను లైబ్రరీ వదిలి కదల్లేను.

నీలాంటి పర్మినెంటు వాళ్లకు పెన్షన్ తప్పనిసరి. ఇష్టమా అని కూడా అడక్కుండా చేరిన రోజే నిన్ను కలిపేసుకున్నారు. మా పార్ట్‌టైం వాళ్లు మాత్రం ఇష్టమైతేనే చేరాలి. ఇవాళ దాటితే ఇక చేర్చుకోరట.

"నేనుండగా నీకు పెన్షనెందుకే అక్కా" అని పోయినసారి ఫారం పక్కన పడేశావు. నువ్వున్నావని నాకు తెలిసేది గుమ్మంలో నీ చెప్పులు చూశాకే కదరా. ఈ వారంలో నీ గొంతు ఒక్కసారి విన్నాను. అదీ గోడవతల నువ్వెవరితోనో ఫోన్లో నవ్వుతుంటే. నిన్ను తప్పుపట్టడం లేదు. నా ముసలితనం నీ నెత్తిన పడకూడదని, అంతే.

అక్క

అన్నట్టు, ఫారం ఇచ్చావో లేదో మళ్లీ చీటీ రాసిపెట్టకు. నేను పడుకున్నా సరే, లేపి చెప్పు.