ఎడమవైపు అరిగిన పళ్లు

అమ్మా, కంగారు పడకు, ఇక్కడ అంతా బాగానే ఉంది. నీ కుడివైపు పన్నుకు అసలు క్యాప్ ల్యాబ్ నుంచి వచ్చేసింది. వచ్చే వారం వస్తే పెట్టేస్తాను.

ఆ రోజు పన్ను అరగదీసి, రబ్బరు ముద్దతో నీ నోటి అచ్చు తీశాను కదా. ఆ అచ్చులో పోసిన ప్లాస్టర్ పళ్లు కూడా క్యాప్‌తో పాటే వచ్చాయి. చేతిలోకి తీసుకుని చూస్తే ఎడమవైపువి నున్నగా అరిగిపోయి ఉన్నాయి, కుడివైపువి నిన్న మొలిచినట్టున్నాయి. ఆ రోజు "నొప్పి ఎప్పట్నుంచమ్మా?" అని అడిగితే "మొన్నమొన్నటి నుంచేలే" అన్నావు. అలా అరగాలంటే ఏళ్లు పడుతుందే! అన్నాళ్లూ పంటి బిగువున ఓర్చుకుని ఒకవైపే నమిలావన్నమాట. ఊరందరి నోళ్లూ చూసేదాన్ని, ఇంట్లో ఉన్నన్నాళ్లూ రోజూ నీ పక్కనే కూర్చుని తిన్నదాన్ని, నాకు ప్లాస్టర్ చెబితేగాని తెలియలేదు. ఆ ముక్కను నా బల్ల మీదే పెట్టుకున్నాను.

సరే, అందాకా పెట్టిన టెంపరరీ క్యాప్ మీద గట్టివేవీ కొరక్కు. ఊడితే పారేయకుండా డబ్బాలో వేసి తీసుకురా. నాన్న చెప్పులకు పూసే జిగురుతో అంటిస్తానంటారు, ఆయన చేతికి మాత్రం నోరు అప్పగించకు. కుట్టుమిషన్ బాగుచేయించారా? తమ్ముడి దగ్గు తగ్గిందా? వాడికి నా దీవెనలు, నాన్నకు నమస్కారాలు.

క్యాప్ పెట్టిన మర్నాడు భోజనానికి నీ ఎదురుగా కూర్చుంటాను. రెండువైపులా నమలాలి.

నీ పెద్దమ్మాయి