బయోడేటాలో నాట్ల ముఠా

మొగల్తూరు

అమ్మకు తబిత వందనాలు.

ఫోన్‌లో చెబుదామంటే నువ్వు "అన్నం తిన్నావా" అని మాట మార్చేస్తావు, నేను ఏడుస్తాను. అందుకే రాస్తున్నాను. పిల్లలు తగ్గిపోయారని ఈ ఏడుతో మా స్కూలు మూసేస్తున్నారు. ఇంకో స్కూలు వెతుక్కోను. ఇక్కడ రొయ్యల ఫ్యాక్టరీలో షిఫ్ట్ సూపర్‌వైజర్ ఉద్యోగం ఉందంటే బయోడేటా పట్టుకెళ్ళాను. మా అమ్మాయి టీచరని చర్చిలో నువ్వు ఎంత గొప్పగా చెప్పుకుంటావో తెలుసు. అయినా నిర్ణయం తీసేసుకున్నాను. కోపం వస్తే తిట్టు, నన్ను మాత్రం ఆపకు.

తమ్ముడు సుకుమార్ టైపు చేసిన ఆ కాగితం నిండా బి.ఇడి., పదకొండేళ్ళ అనుభవం, సైన్స్ ఫెయిర్ బహుమతులే. ఆఫీసులో ప్రసన్నలక్ష్మిగారు చదివి వెనక్కి ఇచ్చేశారు. "ఇది స్కూలుకి రాసిందండి. మాకు రొయ్యలు ఒలిచే నలభై మంది ఆడవాళ్ళతో పని చేయించే మనిషి కావాలి. అలాంటిదేమైనా చేసుంటే మార్చి రాసి, ఈ నెలాఖరులోగా పట్టుకురండి" అన్నారు.

చేశానమ్మా. నీ వరి నాట్ల ముఠాలో చేశాను. డిగ్రీ చదివే రోజుల్లో మీ అందరి హాజరు రాసేదాన్ని. నీకు జ్వరం వస్తే నేనే వరస నిలబెట్టేదాన్ని. చురుకైన చేతులు రెండు చివర్లా, నెమ్మదివాళ్ళు మధ్యలో, పోట్లాడుకున్నవాళ్ళు ఎడంగా, కడుపుతో ఉన్న మనిషికి గట్టు మీద నుంచి నారుకట్టలు అందించే పని. అంతా నువ్వు నేర్పిందే. ఇన్నేళ్ళూ ఏ కాగితం మీదా రాయలేదు. సిగ్గుపడ్డాను.

నేను స్కూల్లో చేరిన కొత్తలో మీ ముఠా ఇటువైపు నాట్లకి వచ్చింది, గుర్తుందా? నువ్వు పొలం నుంచి నేరుగా నాకు కేరేజీ పట్టుకొచ్చావు. చీర అంచుకి బురద. హెడ్మాస్టరుగారు ఎవరని అడిగితే "మా ఊరావిడండి" అన్నాను. నువ్వు విన్నావు. "టీచరుగారూ, మీ అమ్మగారు పంపించారండి" అని కేరేజీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయావు. ఆ అన్నం తినలేకపోయాను. పదకొండేళ్ళుగా ఆ సంగతి మనిద్దరం ఎత్తలేదు. ఇప్పుడు నేనే ఎత్తుతున్నాను. తప్పు చేశాను, క్షమించు.

కొత్త బయోడేటాలో మొదటి వరుసలో "నాట్ల ముఠాలో ఆరు సీజన్లు, ఇరవై ఇద్దరితో పని" అని రాశాను. టీచరు ఉద్యోగాన్ని కిందికి దింపాను. కాపీ ఇందులోనే పెట్టాను. నీకు ఇష్టం లేకపోయినా ఇదే పట్టుకెళ్తాను.

నీ తబిత

నిడదవోలు

తల్లీ తబితా,

అక్షరాలు వంకరగా ఉంటాయి, సర్దుకుని చదువుకో. బైబిలు చదవడం వచ్చినంతగా రాయడం రాదు నాకు.

ఆ రోజు విన్నాను. పొలం దాకా ఏడుస్తూనే వెళ్ళాను. ఏడవలేదంటే అబద్ధం. కానీ నేనూ తక్కువదాన్ని కాదే. నువ్వు గవర్నమెంటు టీచరువని ముఠాలో అందరికీ చెప్పాను. ప్రైవేటు స్కూలనడానికి నామోషీగా ఉండేది. నీ బయోడేటా నేనూ మార్చాను. నిన్న గట్టు మీద అన్నాలు తింటుంటే నిజం చెప్పేశాను. వెంకటదుర్గ "మాకు ఎప్పుడో తెలుసులే మేస్త్రీ, పచ్చడి ఇటియ్యి" అంది.

నీ కాగితంలో ఒక తప్పుంది. ఆరు సీజన్లు కాదు, నాలుగే. రెండేళ్ళు దాళ్వా పంట నాట్లకి పరీక్షలని నువ్వు రాలేదు. అప్పుడు హాజరు మీ పిన్ని కూతురు రూబీ రాసింది. నా ముఠా పేరు చెప్పుకుని చెయ్యని పని రాయొద్దు. దిద్ది పట్టుకెళ్ళు. వెళ్ళు, వెనక్కి తగ్గకు.

మీ అమ్మ
సువార్తమ్మ

మొగల్తూరు

అమ్మా,

నీ ఉత్తరం అందిన రోజే నెలాఖరు. మళ్ళీ టైపు చేయించే టైము లేక, ఆరు కొట్టేసి పెన్నుతో నాలుగు అని రాసి పట్టుకెళ్ళాను. ప్రసన్నలక్ష్మిగారు "అందరూ పెంచి రాస్తారు, మీరేంటండీ తగ్గించారు?" అన్నారు. "మా అమ్మ దిద్దిందండి. ముఠా ఆవిడదే" అన్నాను. అప్పుడు వరస ఎలా నిలబెడతారో అడిగారు. చెప్పాను. ఒక్కచోట కూడా తడబడలేదు. సోమవారం నుంచి రమ్మన్నారు.

ఆ రోజు మధ్యాహ్నం నువ్వు ఫ్యాక్టరీకి కేరేజీ పట్టుకురావాలి. నాట్లుంటే పొలం నుంచి నేరుగా వచ్చెయ్, చీర మార్చుకోకు. గేటు దగ్గర ఎవరని అడిగితే నువ్వేమీ మాట్లాడకు. నేను చెబుతాను.

నాట్ల మేస్త్రి సువార్తమ్మ కూతురు,
తబిత