రాజు దీక్ష, నా నిమ్మరసం

అమీర్‌పేట,
ఆదివారం మధ్యాహ్నం

అన్నయ్యకి,

నాగమణి నమస్కారాలు. మేమిక్కడ గుండ్రాయిల్లా ఉన్నాం, మా గురించి బెంగ పెట్టుకోకండి. నీ దగ్గు తగ్గిందా? వదిన మోకాళ్ళకి ఆ తైలం రాసుకుంటోందా, లేక ఎప్పట్లాగే సీసా అలమారాలో దాచిందా? ఉత్తరం ఆలస్యమైందని తిట్టుకుంటూ ఉంటావు. చివరిదాకా చదివి అప్పుడు తిట్టు.

మన కర్రీ పాయింటు బాగా నడుస్తోంది. మీ బావగారు పొద్దున్నే ఎర్రగడ్డ రైతుబజారుకెళ్ళి కూరగాయలు తెస్తారు. పదకొండింటికల్లా నాలుగు కూరలు, పప్పు, సాంబారు పాకెట్లు కట్టేస్తాం. ఈ కంప్యూటర్ కోర్సుల పిల్లలు అన్నం రూముల్లో వండుకుని, కూరలకి మాత్రం మా మీద మిడతల దండులా పడతారు. ఎండలు మండిపోతున్నాయి. పంజాగుట్టలో వంతెన పని దుమ్మంతా మా గిన్నెల మీదే. వచ్చిన కొత్తలో మీరందరూ గుర్తొచ్చి ఏడ్చేదాన్నిగా, ఇప్పుడు ఏడవటానికి తీరికేదీ? బాగున్నాం అన్నయ్యా, నిజంగానే బాగున్నాం.

ఇక అసలు సంగతి. మా పైన గదిలో జావా నేర్చుకునే ఇద్దరు కుర్రాళ్ళున్నారు. ఒకడు కరీంనగర్ శీను. రెండోవాడు పరాయిదేశం పిల్లాడు. ఏ దేశమో, వాడి పేరేమిటో ఉత్తరంలో రాయొద్దన్నాడు. "ఉత్తరం మా అన్నయ్యకిరా, మీ సర్కారుకి కాదు" అన్నాను. అయినా వద్దక్కా అన్నాడు. ఇక్కడ చదివే వాళ్ళ దేశం వాళ్ళలోనే చాడీలు మోసేవాళ్ళున్నారట. అందుకని మాకు వాడు రాజు. వంకాయ కూర అంటే ప్రాణం. వాడి సగం తెలుగు, నా పావు ఇంగ్లీషు, మాటలకేం లోటు లేదు.

పోయిన నెలాఖర్లో ఒకరోజు శీను వచ్చి, "అక్కా, రాజు రెండొద్దుల సంది ఏం తింటలేడు. నీళ్ళు తప్ప ఏం ముడ్తలేడు. నేను జెప్తే ఇంటలేడు, జర నువ్వన్నా చెప్పరాదే" అన్నాడు. గరిటె చేత్తోనే పైకెళ్ళాను.

రాజుకి ఒక అక్క ఉంది. పంతులమ్మ. ఆమె దగ్గర చదివే పిల్లల్ని కొందర్ని పోలీసులు పట్టుకుపోతే, ఎక్కడ పెట్టారని అడిగిందట. అంతే, ఆమెనీ పట్టుకుపోయారు. కేసు లేదు, కోర్టు లేదు, తల్లిని కూడా చూడనివ్వరు. అమ్మని చూసేదాకా తిననని ఆమె జైల్లో అన్నం మానేసింది. అది తెలిసి వీడిక్కడ మానేశాడు. బయట దేశాలన్నీ ఆందోళన వ్యక్తం చేశాయని ఇంటర్నెట్‌లో వచ్చిన కాగితాలు చూపించాడు. నాకు ఒళ్ళు మండింది. "వ్యక్తం చేస్తే కడుపు నిండుతుందట్రా?" అన్నాను. "అట్లా కాదక్కా. బయటివాళ్ళు అడుగుతుంటేనే లోపల మనిషి ఉన్నట్టు లెక్క. అడగటం మానేస్తే మాయం చేసేస్తారు" అన్నాడు.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. కాలవ నీళ్ళ కోసం నువ్వు రిలే దీక్షకి కూర్చుంటే ఆర్డీవోగారు నిమ్మరసమిచ్చి లేపలేదూ? (ఆరోజు టెంటు వెనకాల వదిన తెచ్చిన ఇడ్లీల సంగతి నేనెవరికీ చెప్పలేదులే.) దీక్ష అన్నాక పెద్దమనిషి వచ్చి నిమ్మరసం ఇస్తే లేవాలి కదా! మా వీధిలో రిటైరైన తాసిల్దారుగారున్నారు. అడగ్గానే ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేశారు. నేను బంతిపూల దండ, స్టీలు గ్లాసు పట్టుకుని వెనకాలే వెళ్ళాను.

ఆయన గొంతు సవరించుకుని, "నీ డిమాండ్లు ప్రభుత్వం దృష్టికి తీసుకెళతానని హామీ ఇస్తున్నాను. దీక్ష విరమించు బాబూ" అన్నారు.

రాజు మంచం మీద లేచి కూర్చుని, "ఏ ప్రభుత్వం సార్?" అన్నాడు.

శీను పకపకా నవ్వాడు. నీరసంలో కూడా రాజు నవ్వాడు. నవ్వి నవ్వి, మెల్లిగా చెప్పాడు. వాళ్ళ దగ్గర దీక్ష చేస్తే గ్లాసు ఇవ్వరట. కాళ్ళూ చేతులూ పట్టుకుని ముక్కులోంచి గొట్టం పెట్టి పోస్తారట. వాళ్ళక్కకి అలా చేశారేమోనని నిద్ర పట్టటం లేదన్నాడు. తాసిల్దారుగారు ఆ దండ ఒళ్ళో పెట్టుకుని మంచం మీదే కూలబడ్డారు. నేను కిందికొచ్చి పోపు పెడుతూ ఏడ్చాను. మిరపకాయల ఘాటు అని మీ బావగారితో అబద్ధమాడాను.

తర్వాత రోజులు ఎలా గడిచాయో నాకూ దేవుడికీ తెలియాలి. పోపు వాసన పైకి వెళుతుందని వెనక కిటికీ మూసేశాను. రోజుకి నాలుగుసార్లు పైకెళ్ళి తిట్టి వచ్చేదాన్ని. తాసిల్దారుగారు పొద్దున్నే ఇంటర్నెట్ సెంటర్‌కి పోయి, కొత్త వార్తలుంటే వాడికి చదివి వినిపించేవారు.

మొన్న బుధవారం మిట్టమధ్యాహ్నం, కొట్టు ముందు ఇసకేస్తే రాలనంత జనం. శీను భుజం పట్టుకుని రాజు మెట్లు దిగి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. ఊరూవాడా అడిగేసరికి అక్కడివాళ్ళు తట్టుకోలేక తల్లిని లోపలికి పంపారట. తల్లి చేత్తో ఇస్తే ఆ పిల్ల గ్లాసుడు పాలు తాగిందట. తల్లే ఫోన్ చేసి చెప్పింది.

"నిమ్మరసం ఇవ్వవా అక్కా?" అన్నాడు.

నేను తాసిల్దారుగారి కోసం చూశాను. ఆయన పెరుగు పాకెట్టు పట్టుకుని లైన్లోనే ఉన్నారు. "నేనెందుకమ్మా, మీరే ఇవ్వండి" అన్నారు. చేతికి శనగపిండి, కడుక్కునే ఓపిక కూడా లేదు నాకు. అలాగే నిమ్మకాయ పిండి ఇచ్చాను. వాడు తాగుతుంటే లైన్లో పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. నీకు ఆర్డీవో ఇస్తే, మావాడికి నేనిచ్చాను. చూసుకో మరి!

కాకపోతే ఆ పిల్లని ఇంకా వదల్లేదు. తల్లిని నెలకోసారి చూడనిస్తామన్నారట, అంతవరకే.

అందుకని నీకో పని చెబుతున్నాను. ఇక్కడి నిమ్మకాయలు గోలీకాయలంత ఉన్నాయి. మన తెనాలి మార్కెట్టులో మంచి కాయలు ఒక బస్తా చూసి బస్సులో వేయించు. ఊరగాయ పెడతాను. లంఖణాలు చేసినవాళ్ళకి పథ్యం పాత నిమ్మకాయతోనే పెట్టాలని అమ్మ అనేది కదా. ఆ పిల్ల బయటికొచ్చాక తినాలి. "ఎప్పుడొస్తుందో ఏమో, అన్నాళ్ళూ జాడీ అలా ఉంచుతావా?" అన్నారు మీ బావగారు. "ఎన్నాళ్ళయినా నిమ్మకాయ పాడవదు" అన్నాను. దెబ్బ తగిలిన కాయ ఒక్కటున్నా ఊరుకోను, చెబుతున్నా.

బాబాయికి, పిన్నికి మా దణ్ణాలు చెప్పు. పిల్లలకి ముద్దులు. మీ బావగారు నిన్ను అడిగానని రాయమన్నారు. మీరంతా చల్లగా ఉండి, మమ్మల్ని, ఈసారికి ఆ పిల్లని కూడా కలిపి దీవించండి.

నీ చెల్లెలు,
నాగమణి

తా.క.: జాడీ కడిగి ఎండలో పెట్టాను. ఇందాక చూస్తే దాని మీద కాగితం అంటించి ఉంది. పేర్లు రాయొద్దు, రాయొద్దు అన్నవాడు వాళ్ళక్క పేరు పెద్ద అక్షరాలతో వాళ్ళ భాషలో రాసిపెట్టాడు. ఖాళీ జాడీ చూడలేకపోతున్నాను అన్నయ్యా, కాయలు తొందరగా పంపు.