గడప కాడనే ఉన్నడు

రఘూ,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. ఈరోజే మా హైడెల్‌బర్గ్ ల్యాబ్‌లో నువ్వు ఎదురుచూసిన సంగతి జరిగింది.

మైక్రోస్కోపు కింద ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్‌కు "పచ్చోడు" అని పేరు పెట్టింది నువ్వే. వాడు పేగు క్యాన్సర్ కణం అంచున ఉన్నంతసేపూ కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. లోపల కేంద్రకంలోకి చేరితే ఆ పట్టు వదిలేసి, పేగు దాటి వెళ్లిపోతాయి. నీ కాలేయందాకా వెళ్లినట్టే. ఇది చెప్పినప్పటి నుంచి, నేను ట్రామ్ దిగి ఇంటికొచ్చి బూట్లు విప్పకముందే అడిగేవాడివి: "ఇయ్యాల ఏడున్నడు మీ పచ్చోడు? గడప కాడనేనా, లోపలికి పోయిండా?" ఆస్పత్రి మంచం మీద కూడా నీ స్కాన్ గురించి కాదు, వాడి గురించే అడిగావు. నేను ప్రతిసారీ "లోపలికే పోయిండు" అనేదాన్ని.

కొత్త మందు వేసిన కణాల్లో ఇవాళ వాడు అంచునే ఆగిపోయాడు. గాజు పళ్లెంలో మాత్రమేలే. మనుషుల దాకా రావడానికి ఏళ్లు పడుతుంది.

"రేపు కేక్ మీరే తేవాలక్కా, జర్మనీలో మంచి కబురున్నోళ్లేగా తెచ్చేది" అంది మా ల్యాబ్‌లో ఈమధ్యే చేరిన విజయవాడ అమ్మాయి కావ్య. నువ్వున్నన్నాళ్లూ నా కేకులన్నీ నువ్వే చేశావు, యాలకులు దంచి వేసి. ఆ సంగతి తనకు తెలియదు.

సాయంత్రం తలుపు తీసి, బూట్లు విప్పకుండానే చెప్పాను: "గడప కాడనే ఉన్నడు రఘూ. లోపలికి పోలే."

ఆ తర్వాత నేనూ చాలాసేపు లోపలికి పోలేకపోయాను.