మూడో గాదెకు తాళం

అక్టోబరు 19
మొక్కజొన్న గాదెల దగ్గర కొత్త కంప్యూటర్ పెట్టె బిగించారు. కరెంటు ఆపే పాత ఇనుప పిడి పీకేశారు. లారీ కిందికి వస్తే గాదె అడుగున మర తనంతట తనే తిరిగి గింజ దింపుతుంది; లోపల మనిషి ఉంటే గింజతోపాటు కిందికి లాగేస్తుంది. లోపలికి మనిషి దిగేముందు దానికి పెట్టెలోంచే తాళం వెయ్యాలట. తెరమీది పుస్తకంలో ఎలా కొట్టాలో ఉదాహరణ ఉంది. నా చదువు అంతంత మాత్రం. వేలు పెట్టి ఉన్నదున్నట్టు కొట్టాను: లాక్ 3. నా బావమరిది ఆర్లో నవ్వాడు. బైబిలు కూడా ఇంత భక్తిగా చదవలేదే బావా నువ్వు, అన్నాడు.

అక్టోబరు 20
ఆర్లో మూడో గాదెలో దిగి, గడ్డకట్టిన గింజ పొడిచి వచ్చాడు. అదే సమయంలో నాలుగో గాదె కిందికి లారీ వస్తే దాని మర తిరగలేదు. దానికి నేను తాళం వెయ్యలేదే.

అక్టోబరు 21
కంపెనీకి ఫోన్ చేశాను. పుస్తకం రాసే పిల్ల పేరు సిగ్రిడ్. మీరే తప్పు కొట్టారేమో తాతగారూ, అంది. ఒళ్ళు మండింది. మీ పుస్తకం చూసే కొట్టానమ్మా, నా సొంత తెలివి ఒక్క అక్షరం కలపలేదు, అన్నాను. వెతికింది. గొంతు తగ్గింది. కొత్త వెర్షన్‌లో పెట్టె సున్నా నుంచి లెక్కపెడుతుందట. దానికి మూడంటే నాలుగో గాదె. ఉదాహరణ మార్చడం మరిచారట.
అంటే నిన్న ఆర్లో కాళ్ళ కింద తాళం లేదు. ఆ లారీ మూడో దాని కిందికి వచ్చి ఉంటే.
వాడికి చెప్పాను. సున్నాతో మొదలెట్టే వాళ్ళకి ఆవుల్ని అమ్మాలి బావా, ఒకటి మనకి మిగులుతుంది, అన్నాడు. కాఫీ కప్పు మాత్రం రెండు చేతులతో పట్టుకున్నాడు.

అక్టోబరు 24
పుస్తకంలో లాక్ 2 అని దిద్దారు. మర తిప్పి సరిచూశాను. మూడోది కదల్లేదు. మంచిది.

అక్టోబరు 26
డకోటా గాలి. గాదెల రేకులు పగలంతా మూలిగాయి.

అక్టోబరు 29, పొద్దున ఏడు
పెట్టె తెరమీద ఏదో కొత్తది వచ్చిందని రాసుంది. పెద్ద మాటలు, కూడబలుక్కుని కూడా చదవలేకపోయాను. పుస్తకంలో మాత్రం అదే లాక్ 2. ఆర్లో బూట్లు తొడుక్కుంటూ, మళ్ళీ ఒకసారి తిప్పి చూద్దామా బావా, అన్నాడు. మొన్నేగా చూశాను, నా మీద నమ్మకం లేదట్రా, అన్నాను.

నవంబరు 3
రైతులు గోలపెడితే పెట్టె లెక్కను మళ్ళీ ఒకటి నుంచి మొదలయ్యేట్టు మార్చారట. పుస్తకం మార్చలేదు. తాళం రెండో గాదెకు పడింది. లారీ మూడో దాని కిందికి వచ్చింది.
నిన్న ఆర్లోను పూడ్చాం.

నవంబరు 6
సిగ్రిడ్ ఫోన్ చేసింది. ఉదాహరణ దిద్దిందట. ఒక్కసారి సరిచూసి చెప్పండి తాతగారూ, అంది.
ఎవరిని దింపను?