రెండు ఎడమ సీట్లు

ఆబింగ్డన్,
అక్టోబరు 9, 1994

రొవీనాకు, అమ్మ దీవెనలు.

నేను బాగున్నాను. మీ నాన్నకు తిండీ నిద్రా సక్రమంగానే ఉన్నాయి. ఓడలో వంట చేసి చేసి చేతులు పగులుతున్నాయని రాశావు. పార్శిల్లో లేపనం పెట్టాను, మరవకుండా పూసుకో. దొరికిందా అని నువ్వడిగిన మన పిల్లి దొరికింది, పక్కింటి బొగ్గుల గదిలో. ఆపిల్ చెట్టు విరగకాసింది.

ఇక మన పాత కారు సంగతి. వసంతంలో వచ్చి, నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని, సముద్రం దాకా నువ్వే నడుపుతానన్నావు. అందుకని వేసవంతా ఆయన గరాజులోనే గడిపాడు. పాత తోలు విప్పి, పొడిపొడిగా రాలుతున్న స్పాంజి తీసేసి, సీట్ల చట్రాలకు తుప్పు గీకి రంగు వేశాడు. నల్లతోలు కత్తిరించి, అంచుల వెంట సన్నటి తాడులా ఎర్ర పైపింగ్ పెట్టి కుట్టాడు. చేతులు ఏదీ మర్చిపోలేదు.

బిగించబోతే రెండూ ఎడమ సీటు తొడుగులే. సీటు వీపును ముందుకు వంచే మీట కోసం తోలులో చీలిక ఉంటుంది కదా, కుడి సీటుకు అది కుడి పక్కన ఉండాలి, రెండింటికీ ఎడమ పక్కనే పెట్టాడు.

"డెస్మండ్, కుడిది ఏదీ?" అన్నాను.

"కుడివి సిరిల్ కదే కుట్టేది! టీ తాగొచ్చి తెస్తాడులే. ఆ మొద్దుకి తొందరెప్పుడుంది?"

కార్ల ఫ్యాక్టరీ మూసేదాకా వాళ్ల బల్లలు ఎదురెదురుగా ఉండేవి. మీ నాన్న ఎడమ సీట్లు, సిరిల్ కుడి సీట్లు. సిరిల్ శవపేటిక మోసినప్పుడు కూడా మీ నాన్న ఎడమవైపే భుజం పట్టాడు.

అతను పోయాడని చెప్పాను. అప్పుడే విన్నట్టు ఏడ్చాడు. మర్నాడు మళ్లీ, "సిరిల్ ఇంకా రాలేదేం?" అన్నాడు. ఇక చెప్పడం మానేశాను.

రెండో తొడుగు కుట్లు నేనే విప్పాను. నమూనా తిరగేసి గీసుకుని, మిగిలిన తోలుతో కుడిది కుట్టాను. నీ స్కూలు కోట్లు కుట్టిన చేతికి తోలు లొంగలేదు, సూదులు విరిగాయి. సిరిల్ పంపాడని చెప్పి బల్లమీద పెట్టాను. మీ నాన్న కళ్లద్దాలు సర్దుకుని చూశాడు.

"వీడు మళ్లీ తాగొచ్చి కుట్టాడే! ఈ పైపింగ్ చూడు, వానపాము పాకినట్టుంది. మేస్త్రీ కంటబడితే తోలు తీస్తాడు."

కొస విప్పి, తనే సరిచేశాడు. ఆ రోజంతా ఈల వేస్తూనే ఉన్నాడు. నేనూ నవ్వాను.

సీట్లు బిగించాం. ఎంత బాగున్నాయో!

"నాన్న నన్ను అడుగుతున్నాడా?" అని రాశావు. ఆ జవాబు ఇంతసేపూ దాటేస్తూ వచ్చాను. బిగించిన రోజు, "ఈ కుడి సీటు రొవీనాది, బండి తనే నడుపుతుంది," అన్నాను.

"ఎవరా రొవీనా? కొత్తగా చేరిందా?"

"మన అమ్మాయి, డెస్మండ్."

నా మొహంలోకి చూశాడు. నన్ను నొప్పించకూడదని కాబోలు, పరాయివాళ్లతో మాట్లాడినంత మర్యాదగా, "అలాగా. చాలా సంతోషం," అన్నాడు.

వసంతం దాకా ఆగకు తల్లీ. వచ్చాక నీ పేరు నువ్వే చెప్పుకోవాల్సి ఉంటుంది, ఏడవకుండా చెప్పాలి. బండి బయటికి తీస్తే ఆయన వచ్చి పక్కన కూర్చుంటాడు. ఎవరు నడిపినా కూర్చుంటాడు. ఆ నడిపేది నువ్వైతే, నేను గేటు దగ్గర నిలబడి చూస్తాను.

ఇట్లు,
నీ రాక కోసం చూసే
అమ్మ